మాస్టారి సమాధికి రాయి: నల్ల గ్రానైటు, లేజర్ ఫొటో, ఇసుక చెక్కుడు

సైన్యంలో పనిచేసి వచ్చి, బడిలో పాఠాలు చెప్పి, చివరిదాకా చర్చిలో సంఘపెద్దగా నిలిచిన మనిషికి సమాధుల తోటలో పెట్టే రాయి ఎలా ఉండాలన్నదే ఈ సమీక్ష. ఇప్పుడు ఎక్కువమంది అడుగుతున్నది నల్ల గ్రానైటు మీద లేజర్ ఫొటో. కొత్తలో చాలా బాగుంటుంది. అయినా ముందు అక్షరాల లోతుకు డబ్బు పెట్టండి, మిగిలితే ఫొటోకు.

ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ గ్రానైటుకు విదేశాల్లోనూ పేరుంది. ఆ నల్లరాతిలో మెరిసే బంగారు చుక్కలే సమాధి రాయికి అడ్డం. చిన్న అక్షరం పక్కన చుక్క పడితే సున్నాలా కనిపిస్తుంది, ఫొటోలో పడితే ముఖం మీద మచ్చ. చుక్కలేని నలుపే అడగండి. రంగు పట్టించి నల్లగా చేసిన రాళ్లూ అమ్ముతారు. తెల్లగుడ్డను అసిటోన్‌తో తడిపి రుద్దితే నలుపు అంటిందంటే ఆ రాయి వద్దు.

లేజర్ అయితే రాతి పాలిష్ పైపొరను మాత్రమే గీరుతుంది. ఈస్టరు ముందు సమాధులకు సున్నం వేసేటప్పుడు చిందులు ఆ సన్నగీతల్లో పట్టేస్తాయి. వాటిని వదిలించడానికి బాత్రూం యాసిడ్ పోస్తే పాలిష్ కూడా దెబ్బతింటుంది. సున్నం వేసేముందు రాయికి ప్లాస్టిక్ షీటు కప్పడమే మందు. యూనిఫాంలో ఉన్న పాత ఫొటో ఇస్తుంటే ఫ్రేములోంచి తీసి 600 డీపీఐలో స్కాన్ చేయించండి. అద్దం మీదనుంచి ఫోనుతో తీస్తే మెరుపు కూడా రాతికెక్కుతుంది.

స్టెన్సిల్ (అక్షరాల ఆకారం కత్తిరించిన షీటు) అంటించి, ఇసుక కొట్టి అక్షరాలు చెక్కే పద్ధతిలో 2–3 మి.మీ. లోతు అడగండి. పైన వేసిన బంగారు రంగు ఎండకు పోయినా వేలితో తడిమి చదువుకోవచ్చు. చిక్కల్లా తెలుగు వత్తులతోనే. అక్షరం అంగుళం కన్నా చిన్నదైతే స్టెన్సిల్‌లోని సన్నటి ముక్కలు ఊడిపోయి, వత్తు గుంటలా మిగులుతుంది. పేరుకు 2 అంగుళాలు, మిగతాదానికి అంగుళం తగ్గకూడదు. వాట్సాప్‌లో టైపు చేసి పంపిన మాటలు షాపు ఫాంటులోకి మారేటప్పుడు వత్తులు చెదురుతాయి. అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీయించి, బడి పంతులు ఒకరిచేత దిద్దించి, ఆ కాగితం మీదే సంతకం పెట్టండి. ఒక మాస్టారి రాయి మీద అక్షరదోషం ఉండకూడదు. అక్షరానికి ఇంత అని ధర చెప్పేచోట ‘క్ష్మి’ని ఒకటిగా లెక్కిస్తారో, మూడుగానో ముందే తేల్చుకోండి.

సైన్యం వదిలేనాటి హోదా పేరుకు ముందు, ‘మాస్టారు’ పేరు తర్వాత. ఊరంతా పిలిచిన పిలుపు అదే కదా. రెజిమెంటు పేరుకు ఒక వరుస, చదువు చెప్పిన బడికి, సంవత్సరాలకు ఇంకొకటి. మూడు సింహాల చిహ్నం చెక్కమని అడగొద్దు, జాతీయ చిహ్నం దుర్వినియోగాన్ని నిషేధించే 2005 చట్టం ప్రకారం ప్రైవేటు వాడకం కుదరదు. పతకాల బొమ్మలు కూడా వద్దనే చెబుతాం, రిబ్బన్ల రంగులు నల్లరాతి మీద తేలవు. 1971 యుద్ధంలో తూర్పు రంగంలో పనిచేసినందుకు పూర్వీ స్టార్ పతకం వచ్చి ఉంటే ఆ పేరు రాస్తే చాలు.

వాక్యంగా 2 తిమోతికి 4:7 బాగా అమరుతుంది. ‘మంచి పోరాటము పోరాడితిని’తో మొదలయ్యే ఆ వచనంలోని మూడు చిన్న వాక్యాలకూ వరుసగా 11, 11, 10 అక్షరాలు. 24 అంగుళాల వెడల్పులో మూడు వరుసలూ సమంగా వస్తాయి. ‘పోరాటం’ అని మార్చకండి, సంఘంలో చదివే బైబిల్లో ఉన్నట్టే ఉండాలి. తేదీ ముందు ‘ప్రభువునందు నిద్రించినది’ అని చాలు.

2 అడుగులకు 3 అడుగుల రాయి 20 మి.మీ. మందంలో సుమారు 33 కిలోలు, 50 మి.మీ.లో 84 దాకా తూగుతుంది. సమాధి కట్టడం మీద అతికించేందుకు 20 మి.మీ. చాలు, నిలబెట్టాలంటే 50 కావాలి. ఇనుప చువ్వలు తుప్పుపట్టి ఉబ్బి రాతిని చీలుస్తాయి కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలు పిన్నులే వేయించండి. తవ్విన మట్టి కుంగుతుంది. ఒక వానాకాలం గడిచాకే బరువైన రాయి నిలబెట్టించండి, అప్పటిదాకా పేరు రాసిన సిలువ చాలు.