చుక్కతో మొదలయ్యే ఫైళ్ళన్నీ జంకట! పాత మ్యాక్ ఉన్నవాళ్ళు ఈ రిమోట్ రిపేర్లతో జాగ్రత్త

రిపేర్లు చేసిపెట్టే ఆ యాప్ పేరు చెప్పను, మీ ఫోన్లో కూడా ఉండే ఉంటుంది. నాది హై సియెర్రా (మ్యాక్‌ఓఎస్ పాత వెర్షన్) ఉన్న మ్యాక్‌బుక్. టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే విండో) ఎల్ఎస్, అంటే ఫైళ్ళ జాబితా చూపే కమాండ్, కొట్టినా "కమాండ్ నాట్ ఫౌండ్". రిమోట్‌లో బాగుచేస్తామంటే 1,800 రూపాయలు కట్టా. రేటింగ్ చూసి మోసపోయిన తెలివైనవాళ్ళ జాబితాలో నా పేరు పైనే రాసుకోండి.

జబ్బు ఇంతే: బాష్ ప్రొఫైల్‌లో (టెర్మినల్ తెరవగానే చదివే సెట్టింగుల ఫైలు, పేరు చుక్కతో మొదలవుతుంది) జావా కోసం రాసిన పాత్ (కమాండ్లని ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పే జాబితా) లైను చివర ":$పాత్" లేదు. దాంతో పాత దారులన్నీ పోయి జావా ఫోల్డర్ ఒక్కటే మిగిలింది. ఎల్ఎస్ మాత్రం /బిన్‌లో భద్రంగానే ఉంది. ఆ లైను రాసిన ఘనుణ్ణి నేనే, ఒప్పుకుంటున్నా.

రిమోట్‌లో వచ్చిన ఆ టెక్నీషియన్ మహానుభావుడు ఏం చేశాడు? ఫైండర్‌లో కమాండ్, షిఫ్ట్, చుక్క నొక్కి దాచిన ఫైళ్ళు బయటికి తీశాడు. బాష్ ప్రొఫైల్, ప్రొఫైల్, ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్ (సర్వర్లలోకి లాగిన్ అయ్యే కీలు ఉండేది), వరసపెట్టి సెలెక్ట్ చేశాడు. "ఆగండి, ఆగండి" అని అరుస్తూనే ఉన్నా. "చుక్కతో మొదలయ్యేవన్నీ జంక్ సార్, సిస్టమ్ పాడయ్యేది వీటివల్లే" అంటూ డిలీట్ కొట్టి, ట్రాష్ కూడా ఖాళీ చేశాడు. జంకట! అందులో ప్రైవేట్ కీ ఉంది. పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసిన రెండు సర్వర్లకి ఇప్పుడు తాళంచెవి లేదు. బ్యాకప్పా? ఉంటే ఇలా ఎందుకు ఏడుస్తాను.

కొత్త విండో తెరిస్తే ఎల్ఎస్ పనిచేసింది. ఎందుకు చెయ్యదు? అడ్డుగా ఉన్న ఫైలే లేకపోతే /ఈటీసీ/ప్రొఫైల్ అనే సిస్టమ్ ఫైలు నుంచి మామూలు పాత్ వచ్చేస్తుంది. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టి, "ఫిక్స్ అయింది కదా సార్, ఫైవ్ స్టార్ ఇవ్వండి" అన్నాడు! కంప్లయింట్ పెడితే యాప్ వాళ్ళు "రిజాల్వ్డ్" అని మూసేశారు.

1,800 లేకుండా అయ్యే పని ఇది. పాడైన విండోలోనే "ఎక్స్‌పోర్ట్ పాత్=/యూఎస్ఆర్/బిన్:/బిన్" కొట్టండి. పాత్ పెద్దక్షరాల్లో, సమానం గుర్తుకి అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. ఎక్స్‌పోర్ట్ షెల్ (మన కమాండ్లు అందుకుని నడిపే ప్రోగ్రామ్, ఇక్కడ బాష్) లోపలిదే కాబట్టి పాత్ పోయినా పనిచేస్తుంది. తర్వాత సీపీ కమాండ్‌తో బాష్ ప్రొఫైల్‌కి కాపీ తీసి, నానోలో (టెర్మినల్‌లోనే నడిచే ఎడిటర్) తెరిచి ఆ లైను చివర ":$పాత్" చేర్చండి. కంట్రోల్ ఓ, ఎంటర్, కంట్రోల్ ఎక్స్. కొత్త విండో. అయిపోయింది. టెక్స్ట్‌ఎడిట్ జోలికి పోకండి, మామూలు కోట్లని వంకర కోట్లు చేసి ఇంకో తలనొప్పి తెస్తుంది.

ఫైల్లో ఎగ్జిట్ (షెల్‌ని మూసేసే కమాండ్) లాంటిది పడి విండో తెరవగానే మూసుకుపోతుంటే, టెర్మినల్ పైన ఉండే షెల్ మెనూలో న్యూ కమాండ్‌కి వెళ్ళి "/బిన్/బాష్ --నోప్రొఫైల్ --నోఆర్‌సీ" ఇవ్వండి. షెల్ లోపల నడపమనే టిక్కు తీసెయ్యాలి, లేదంటే మళ్ళీ అదే ఫైలు చదువుతుంది.

ఇంకోటి, మ్యాక్ టెర్మినల్ తెరిచేది లాగిన్ షెల్. బాష్ ప్రొఫైల్ ఉంటే ప్రొఫైల్ అనే ఫైలు వైపు చూడనే చూడదు, బాష్ ఆర్‌సీ అనే ఇంకో సెట్టింగుల ఫైలుని దానంతట అది చదవదు. లినక్స్ అలవాటుతో బాష్ ఆర్‌సీలో రాసి తల గోక్కోకండి. 2019లో వచ్చిన కాటలినా నుంచి కొత్త యూజర్లకి బాష్ బదులు జెడ్‌షెల్, అక్కడ ఫైళ్ళు వేరు.

ఆ, ఎవరికైనా రిమోట్ ఇవ్వక తప్పకపోతే ముందు ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. వాడు డిలీట్ మీదికి వెళ్తుంటే నాలా అరవకండి, వైఫై ఆపేయండి.