మర్రిమాను గబ్బిలం, రేకు సందు గబ్బిలం
కడప పక్క మా ఊరి చెరువు కట్ట మీద మర్రిమాన్లో వేలాడే పెద్ద గబ్బిలం, మా వసారా రేకు సందులో దూరే చిట్టిది, రెండూ ఒకటే అనుకుంటారు గానీ యాడా పొంతన లేదు. పెద్దది రెక్కలు చాపితే 4 అడుగులు, బరువు కిలో దాటుతాది, మొహం అచ్చం నక్కే, ఎండెక్కితే రెక్కల్తో విసురుకుంటా ఒళ్ళు నాకుతా ఉంటాది, రాత్రి పండు వెతకాలంటే కళ్ళు, ముక్కే దిక్కు. చిట్టిది 5 గ్రాములు కూడా తూగదు, కానీ మన చెవికి అందని కూతేసి తిరిగొచ్చే శబ్దంతోనే చీకట్లో దోమని పట్టేస్తాది! జామతోటోళ్ళు పెద్దదాన్ని తిట్టుకుంటారు, విత్తనాలు దూరం మోసేది మాత్రం అదే. నాకైతే చిట్టిదే ఇష్టం, పొద్దున్నే గడప ముందర దాని నల్ల పెంటికలు ఊడ్చేదే విసుగు.