సిగ్నల్ యాప్: అడిగినా ఇవ్వడానికి ఏమీ ఉంచుకోరు

నేను ఎవరితో ఏం మాట్లాడానో ఏ ప్రభుత్వానికీ అనవసరం. మెసేజ్‌లు పంపుకునే సిగ్నల్ యాప్ వాడుతున్నది అందుకే. 2016లో అమెరికాలో గ్రాండ్ జ్యూరీ (నేరారోపణ చేయాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం) సమన్లు పంపి ఖాతా వివరాలు అడిగితే, సిగ్నల్ వాళ్ల దగ్గర ఉన్నవి రెండే: ఖాతా తెరిచిన సమయం, చివరిసారి సర్వర్‌కు కనెక్టయిన తేదీ. మెసేజ్‌లు లేవు, కాంటాక్టులు లేవు. లేనిదాన్ని ఏ చట్టం మాత్రం ఎలా లాక్కుంటుంది? నాకు బాగా నచ్చింది ఇదే.

ప్రకటనల గోల లేదు, విరాళాలతో నడుస్తోంది. 2024లో యూజర్‌నేమ్‌లు వచ్చాక అవతలివాళ్లకి నంబరు ఇవ్వక్కర్లేదు. ఖాతా తెరవాలంటే మాత్రం ఫోన్ నంబరు తప్పనిసరి. చాలా దేశాల్లో గుర్తింపు కార్డు చూపిస్తే తప్ప సిమ్ ఇవ్వరు కదా! ఊరూ పేరూ చెప్పకుండా అధికారాన్ని విమర్శించాలనుకునేవాడికి ఇది పెద్ద అడ్డంకే. అది తొలగించేదాకా నా రేటింగ్ అయిదుకి నాలుగు.