గ్రూప్-4కు చదవాలా, బ్యాంకు క్లర్కుకా? తేల్చేది గడియారమే

డిగ్రీ పూర్తి చేసి గుమస్తా స్థాయి ప్రభుత్వ కొలువు కోసం పుస్తకం పట్టినవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: ప్రభుత్వ బ్యాంకుల ఉద్యోగాలకు ఉమ్మడి పరీక్ష నిర్వహించే ఐబీపీఎస్ వారి క్లర్కు పరీక్షకు సిద్ధం కావాలా, లేక జూనియర్ అసిస్టెంటు వంటి పోస్టులకు రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఇచ్చే గ్రూప్-4 కోసం చదవాలా? ఏది ముందు వస్తే అది రాద్దాం, రెండింటిలోనూ అంకగణితం, రీజనింగ్ ఉన్నాయి కదా అని చాలామంది తమకు తామే జవాబు చెప్పుకుంటారు. సిలబస్‌లో అంశాల పేర్ల వరకే చూస్తే ఆ జవాబు తప్పు కాదు. శాతాలు, నిష్పత్తులు, లాభనష్టాలు, కాలం-పని, కోడింగ్-డీకోడింగ్, రక్తసంబంధాలు ఇక్కడా అక్కడా అవే. అయితే ఒకే లెక్కను రెండు పరీక్షలూ రెండు రకాలుగా అడుగుతాయి. ఆ తేడా సిలబస్ కాగితంలో కనిపించదు, పరీక్ష విధానంలో కనిపిస్తుంది.

జీతం సంగతి ముందే పక్కన పెట్టవచ్చు. బ్యాంకు క్లర్కు మూలవేతనం 24,050 రూపాయలతో మొదలవుతుంది. తెలంగాణలో 2020 వేతన స్కేళ్ల ప్రకారం జూనియర్ అసిస్టెంటుకు అది 24,280 రూపాయలు. భత్యాలలో హెచ్చుతగ్గులు ఉన్నా, పరీక్షను ఎంచుకోవడానికి ఆధారం కాగలిగినంత తేడా అందులో లేదు.

ఇక విధానం. ఇప్పుడు కస్టమర్ సర్వీస్ అసోసియేట్ పేరుతో జరుగుతున్న బ్యాంకు క్లర్కు నియామకంలో ప్రిలిమ్స్‌కు నూరు ప్రశ్నలు, నూరు మార్కులు, గంట సమయం. ఇంగ్లిషులో 30, న్యూమరికల్ ఎబిలిటీలో 35, రీజనింగ్‌లో 35 ప్రశ్నలుంటాయి; ఒక్కో విభాగానికి విడిగా 20 నిమిషాలు. 2025లో మార్చిన మెయిన్స్‌లో 155 ప్రశ్నలు, 200 మార్కులు, 120 నిమిషాలు ఉన్నాయి. ప్రిలిమ్స్ మార్కులు గడప దాటడానికే పనికివస్తాయి, తుది ఎంపికకు మెయిన్స్ మార్కులనే లెక్కిస్తారు. తెలంగాణ గ్రూప్-4లో ప్రిలిమ్స్, మెయిన్స్ అన్న విభజన లేదు. 2022 డిసెంబరు నోటిఫికేషన్ ప్రకారం జనరల్ స్టడీస్‌కు 150 మార్కులు, లెక్కలు, రీజనింగ్, కాంప్రహెన్షన్ ఉండే సెక్రటేరియల్ ఎబిలిటీస్‌కు 150 మార్కులు; ఒక్కో పేపరుకు 150 ప్రశ్నలు, 150 నిమిషాలు.

ఈ అంకెలను సెకన్లలోకి మార్చుకుంటే అసలు విషయం బయటపడుతుంది. బ్యాంకు ప్రిలిమ్స్‌లో లెక్కల విభాగంలో ఒక్కో ప్రశ్నకు దక్కేది 34 సెకన్లు, ఇంగ్లిషులో 40 సెకన్లు. గ్రూప్-4లో ఏ ప్రశ్నకైనా సగటున పూర్తి నిమిషం దక్కుతుంది. ఒక చిన్న లెక్క తీసుకుందాం: ఒక సంఖ్యలో 37.5 శాతం 72 అయితే, అదే సంఖ్యలో 62.5 శాతం ఎంత? బడిలో నేర్పిన పద్ధతిలో సంఖ్యను ఎక్స్ అనుకొని, సమీకరణం రాసి, దశాంశాలు తొలగించి, 192 రాబట్టి, మళ్లీ దానిలో 62.5 శాతం కట్టేసరికి నిమిషం దగ్గర పడుతుంది. 37.5 శాతమంటే ఎనిమిదింట మూడు వంతులని నోటికి వచ్చినవారు మూడు వంతులు 72 కనుక ఒక వంతు 24, ఐదు వంతులు 120 అని పది సెకన్లలో గుర్తిస్తారు. గ్రూప్-4లో ఈ ఇద్దరికీ ఒకే మార్కు వస్తుంది, ఇద్దరూ తరువాతి ప్రశ్నకు సమయానికే చేరతారు. బ్యాంకు పరీక్షలో మొదటి అభ్యర్థికీ ఆ మార్కు వస్తుంది కానీ, తరువాతి ప్రశ్నను చూసే సమయం కరిగిపోతుంది. లెక్క తెలియకపోవడం వల్ల కాక, తెలిసిన లెక్కను నిదానంగా చేయడం వల్ల బ్యాంకు ప్రిలిమ్స్ పోగొట్టుకునేవారే ఎక్కువని నా అభిప్రాయం.

వేగం ఒక్కటే అయితే సాధనతో సరిపెట్టుకోవచ్చు. అంతకంటే ముఖ్యమైనది సమయం ఎవరి అధీనంలో ఉందన్న విషయం. బ్యాంకు పరీక్షలో ఒక విభాగానికి ఇచ్చిన ఇరవై నిమిషాలు ముగియగానే కంప్యూటర్ ఆ విభాగాన్ని మూసివేస్తుంది. లెక్కలను పదిహేను నిమిషాల్లోనే ముగించగల సమర్థుడు మిగిలిన ఐదు నిమిషాలను ఇంగ్లిషుకు మళ్లించుకోలేడు. పైగా ఐబీపీఎస్ ప్రతి విభాగంలోనూ కనీస మార్కులు రావాలంటుంది కనుక, ఒకదానిలో ఎంత మిగుల్చుకున్నా మరొకదానిలోని లోటు పూడదు. స్టేట్ బ్యాంకు సొంతంగా నిర్వహించే జూనియర్ అసోసియేట్ ప్రిలిమ్స్‌లో విభాగాల వారీ సమయం ఇలాగే ఉన్నా, విభాగాల వారీ కటాఫ్ లేదు. మొత్తం మార్కులనే చూస్తారు. ఇంగ్లిషులో కాస్త వెనుకబడి లెక్కల్లో దిట్టగా ఉన్న తెలుగు మాధ్యమం అభ్యర్థికి ఆ ఒక్క సడలింపు ఎంత మేలు చేస్తుందో వేరే చెప్పనక్కరలేదు. మన దగ్గర ఎక్కువమంది ఇలాంటి ఎగుడుదిగుడు తయారీతోనే ఉంటారు. ప్రశ్నపత్రం తెలుగులోనూ వస్తున్నా, ఇంగ్లిషు విభాగం మాత్రం ఇంగ్లిషులోనే ఉంటుంది కదా.

గ్రూప్-4లో ఆ సమయమంతా అభ్యర్థి చేతిలోనే ఉంటుంది. మొదట రీజనింగ్ చేసుకోవచ్చు, చిక్కు లెక్కలను చివరకు వదలవచ్చు, కాంప్రహెన్షన్ పాఠ్యభాగాన్ని నింపాదిగా రెండుసార్లు చదవవచ్చు. కానీ అది కాగితం మీద పెన్నుతో బబుల్స్ దిద్దే ఓఎంఆర్ పరీక్ష అని మరచిపోకూడదు. ఒక్కో బబుల్ దిద్దడానికి ఐదు సెకన్లు అనుకున్నా 150 ప్రశ్నలకు పన్నెండున్నర నిమిషాలు దానికే పోతాయి. నిమిషం అనుకున్నది 55 సెకన్లవుతుంది. జవాబులన్నీ ప్రశ్నపత్రం మీదే గుర్తు పెట్టుకొని చివర ఒకేసారి బబుల్స్ నింపుదామనుకునేవారు ఒక్క వరుస తప్పితే ఎక్కడ తప్పిందో వెతుక్కోవడానికి కూడా వ్యవధి ఉండదు. పేజీ తిప్పే ముందు ఆ పేజీ జవాబులను నింపడం క్షేమం.

తప్పు జవాబుకు పడే కోత కూడా ఈ గడియారంతో ముడిపడినదే. బ్యాంకు పరీక్షలో తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కులో నాలుగో వంతు పోతుంది. ఐదు ఆప్షన్లున్న ప్రశ్నకు కళ్లు మూసుకొని జవాబు పెట్టుకుంటూ పోతే, సగటున వచ్చేదీ పోయేదీ సమానమై చేతిలో సున్నా మిగులుతుంది. కనీసం ఒక ఆప్షన్‌నైనా ఖాయంగా కొట్టివేయగలిగితేనే ఊహకు విలువ ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ కమిషన్ పరీక్షల్లో నాలుగు ఆప్షన్లు, మూడో వంతు కోత కనుక గుడ్డి ఊహకు ఫలితం అక్కడా సున్నాయే. తెలంగాణ గ్రూప్-4లో కోత లేదు. అక్కడ ఒక్క బబుల్‌నైనా ఖాళీగా వదిలి రావడం అవివేకం; చివరి ఐదు నిమిషాలను అందుకోసమే విడిగా ఉంచుకోవాలి.

జనరల్ స్టడీస్ దగ్గరకు వస్తే రెండు దారులూ పూర్తిగా విడిపోతాయి. బ్యాంకు మెయిన్స్‌లో జనరల్, ఫైనాన్షియల్ అవేర్‌నెస్‌కు 40 ప్రశ్నలు, 50 మార్కులు, ఇరవై నిమిషాలు. అంటే మొత్తంలో నాలుగో వంతు. గడిచిన కొద్ది నెలల వార్తలు, రిజర్వు బ్యాంకు నిర్ణయాలు, బ్యాంకింగ్ పదజాలం చదివినవారు ముప్పై సెకన్లకు ఒకటి చొప్పున దాటిపోగలరు. గ్రూప్-4లో జనరల్ స్టడీస్ సరిగ్గా సగం. రాజ్యాంగం, జాతీయోద్యమం, దైనందిన జీవితంలో విజ్ఞానశాస్త్రం, భారతదేశ, తెలంగాణ భూగోళం, ఆర్థిక వ్యవస్థ, వీటితో పాటు తెలంగాణ చరిత్ర, ఉద్యమం, సంస్కృతి, సాహిత్యం, రాష్ట్ర ప్రభుత్వ విధానాలు అందులో ఉంటాయి. సెకన్ల లెక్కతో పని లేని చదువు ఇది. వస్తే పది సెకన్లలో వస్తుంది, రాకపోతే పది నిమిషాలు కూర్చున్నా రాదు. అందుకే దీన్ని బాగా చదివినవారికి జనరల్ స్టడీస్ పేపరులో నిమిషాలు మిగులుతాయి కానీ, సెక్రటేరియల్ ఎబిలిటీస్ వేరే పేపరు కనుక అవి దానికి ఉపయోగపడవు.

ఆంధ్రప్రదేశ్ అభ్యర్థుల పరిస్థితి కొంత భిన్నం. రెవెన్యూ శాఖలో జూనియర్ అసిస్టెంటు పోస్టులకు 2021లో ఇచ్చిన నోటిఫికేషన్‌లో ముందు స్క్రీనింగ్ పరీక్ష, తరువాత రెండు పేపర్ల మెయిన్స్, ఆపైన కంప్యూటర్ నైపుణ్య పరీక్ష ఉన్నాయి. మెయిన్స్ రెండో పేపరు జనరల్ ఇంగ్లిషు, జనరల్ తెలుగు. తెలుగు వ్యాకరణం మీద పట్టున్నవారికి మార్కులు తెచ్చిపెట్టే గుమస్తా పరీక్షలు అరుదు కనుక, అలాంటివారు దీన్ని తేలిగ్గా వదులుకోకూడదు.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి గ్రూప్-4 వైపే మొగ్గు కనిపించవచ్చు. కానీ నా మొగ్గు బ్యాంకు క్లర్కు వైపు. అందుకు మొదటి కారణం కాలపట్టిక. ఐబీపీఎస్ నోటిఫికేషన్ ఏటా వస్తుంది, నెలల వ్యవధిలో ప్రిలిమ్స్, మెయిన్స్ ముగుస్తాయి, ఇంటర్వ్యూ లేదు. తెలంగాణలో గ్రూప్-4 నోటిఫికేషన్ 2018లో ఒకటి వచ్చింది, మళ్లీ 2022 డిసెంబరులో వచ్చింది. ఆ రెండోదానికి 2023 జులై 1న పరీక్ష జరిగితే, ఎంపికైనవారి జాబితా 2024 నవంబరులో వెలువడింది. ఎప్పుడు వస్తుందో తెలియని పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకొని చదివేవారికి సిలబస్ కంటే ఎదురుచూపే భారమవుతుంది.

రెండో కారణం సాధన ఎటునుంచి ఎటు పనికివస్తుందన్నది. 34 సెకన్లలో లెక్క చేయడం అలవాటైనవారికి నిమిషం దొరికితే అది వరమే. నిమిషానికి అలవాటుపడినవారిని ఒక్కసారిగా 34 సెకన్లలో చేయమంటే చేతులాడవు. కనుక లెక్కలు, రీజనింగ్‌ను బ్యాంకు గడియారం పెట్టుకొనే చదవాలి; ఆ సాధన సెక్రటేరియల్ ఎబిలిటీస్ పేపరులో పెద్ద భాగాన్ని మోస్తుంది. రోజూ ఒక గంట జనరల్ స్టడీస్‌కు కేటాయించి, రాజ్యాంగం, తెలంగాణ చరిత్ర వంటి మారని భాగాలను ముందుగా ముగించి, ప్రభుత్వ విధానాలు, వర్తమాన వ్యవహారాలను నోటిఫికేషన్ తరువాతకు వాయిదా వేయవచ్చు.

ఇందుకు ఒక మినహాయింపు ఉంది. ఐబీపీఎస్‌కు వయసు 20 నుంచి 28 ఏళ్లు. ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు. 2022 గ్రూప్-4లో పరిమితి 44 ఏళ్ల వరకు ఉంది. బ్యాంకు వయసు దాటినవారికీ, సొంత జిల్లా విడిచి వెళ్లలేని బాధ్యతలున్నవారికీ గ్రూప్-4 మేలు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణలో జిల్లా స్థాయి పోస్టుల్లో 95 శాతం స్థానికులకే దక్కుతాయి.

మిగిలిన పరీక్షల గురించి క్లుప్తంగా. ఇంటర్‌తోనే రాయగల రైల్వే ఎన్‌టీపీసీ (సాంకేతికేతర ఉద్యోగాల) అండర్ గ్రాడ్యుయేట్ పోస్టుల రాతపరీక్షల్లో ఇంగ్లిషు విభాగమే లేదు. మొదటి దశలో నూరు ప్రశ్నలకు 90 నిమిషాలు, తప్పుకు మూడో వంతు కోత. గుమస్తా పోస్టులకు టైపింగ్ పరీక్ష ఉంటుంది, అది ఇంగ్లిషులో లేదా హిందీలో మాత్రమే. కేంద్ర ప్రభుత్వ గుమస్తా పోస్టులకు స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ జరిపే ఇంటర్ స్థాయి పరీక్ష సీహెచ్‌ఎస్‌ఎల్‌లో రెండో దశ ప్రధాన విభాగాల 360 మార్కులలో ఇంగ్లిషే 120 కనుక, ఇంగ్లిషు మీద ధైర్యం ఉన్న ఇంటర్ అభ్యర్థులు మాత్రం దాన్ని పట్టుకోవచ్చు.