అనంతపురంలో చేయించిన నార్మండీ విమాన మైదానం నమూనా

అనంతపురం కమలానగర్‌లోని ఒక సందులో, ఇంజనీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టులకూ అపార్ట్‌మెంట్లు కట్టేవారికీ నమూనాలు చేసి ఇచ్చే చిన్న దుకాణం ఒకటి ఉంది. రోడ్లు భవనాల శాఖలో 32 ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నేను, మా ఊరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు బహూకరించడానికి, ఫ్రాన్స్‌లోని నార్మండీలో 1944లో మూడు నెలల పాటు వాడి వదిలేసిన ఒక రెండో ప్రపంచ యుద్ధకాలపు విమాన మైదానం నమూనాను గత వేసవిలో అక్కడ చేయించాను. 14,500 రూపాయలు తీసుకున్నారు, చెప్పిన గడువుకు తొమ్మిది రోజులు ఆలస్యంగా ఇచ్చారు. ధర న్యాయంగానే ఉంది. ఆలస్యంలో సగం నా వల్ల జరిగినదే.

నేను అడిగినది క్రిక్‌విల్ అనే పల్లె పక్కన అమెరికన్ సైనిక ఇంజనీర్లు వేసిన మైదానం. సైనిక లెక్కల్లో దాని పేరు ‘ఏ-2’. అమెరికన్లు వేసినవాటికి ‘ఏ’, బ్రిటిష్ వారు వేసినవాటికి ‘బి’ అక్షరం పెట్టి వరుసగా అంకెలు వేసేవారు. రన్‌వే పొడవు 5,000 అడుగులు, వెడల్పు 120 అడుగులు. వెయ్యికి ఒకటి చొప్పున తగ్గిస్తే సుమారు ఒకటిన్నర మీటరు పొడవు, నాలుగు సెంటీమీటర్ల లోపు వెడల్పు వస్తుందని నేనే కాగితం మీద గీసి ఇచ్చాను.

పదిహేను రోజుల తర్వాత చూడటానికి వెళితే బల్ల మీద పుట్టపర్తి విమానాశ్రయం లాంటిది ఉంది. నల్లటి తారు రన్‌వే, మధ్యలో తెల్లటి గీతలు, అద్దాల కంట్రోల్ టవరు, చుట్టూ ప్రహరీ గోడ, వీటన్నింటి కింద మన అనంతపురం ఎర్రమట్టి. పనితనంలో వంక పెట్టడానికి లేదు. దుకాణం నడిపే కుర్రవాడు ఎంతో సంబరంగా చూపిస్తుంటే కాదనడానికి నాకే మొహమాటం వేసింది. ఇది ఇనుప జాలీ పరిచిన పొలమని చెబితే, “జాలీ మీద విమానం దిగుతుందా సార్?” అని నమ్మలేనట్టు అడిగాడు.

దిగింది. 1944 జూన్ 6న మిత్రరాజ్యాల సేనలు నార్మండీ తీరంలో దిగిన తర్వాత వాటికి ఎదురైన పెద్ద చిక్కు విమానాల దూరమే. ఇంగ్లండు నుంచి ఎగిరిన యుద్ధ విమానం ఇంగ్లిష్ ఛానల్ దాటి రావడానికీ తిరిగి పోవడానికీ ఇంధనం ఖర్చు చేసుకుంటే, పదాతి దళాల నెత్తిన కాపలా కాయడానికి మిగిలే సమయం తక్కువ. అందుకని తీరంలో దిగిన సైన్యం వెనకాలే బుల్‌డోజర్లతో ఇంజనీర్లు దిగి, పొలాల గట్లూ కంచె పొదలూ చదును చేసి, రోజుల వ్యవధిలో మైదానాలు తయారు చేశారు. అమెరికన్ సేనలు దిగిన ఒమాహా తీరం పైనున్న సెయింట్ లారాన్ దగ్గరి మైదానం జూన్ 8 నాటికే పనికి వచ్చింది. జూన్ 10న సెయింట్ క్రోవా దగ్గరి ‘బి-3’లో కెనడా దళపు స్పిట్‌ఫైర్ విమానాలు దిగి ఇంధనం నింపుకున్నాయి. టెండరు పిలిచి ఒప్పందం కుదిరేసరికే రెండు ఋతువులు గడిచిపోయే శాఖలో బతికిన నాకు ఈ తేదీలు చదివినప్పుడల్లా కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

ఆ వేగానికి కారణం కాంక్రీటు జోలికి పోకపోవడమే. మూడంగుళాల చదరాలుగా మందపాటి తీగను అతికిన జాలీని చుట్టలుగా ఓడల్లో తెచ్చి, చదును చేసిన నేల మీద పరిచి, బిగలాగి మేకులు కొట్టేవారు. క్రిక్‌విల్‌లో పరిచినది అదే. వేరే కొన్ని మైదానాల్లో తారులో నానబెట్టిన జనపనార గుడ్డను ఒక పొర అంచు మీద ఇంకొక పొర వచ్చేలా అతికించి పరిచారు. మన గోనెసంచి బట్టకు అది దగ్గరి చుట్టమే.

ఇదంతా విన్నాక ఆ కుర్రవాడు మొదటి పనిని పక్కన పెట్టి, అదనంగా ఏమీ అడగకుండా మళ్లీ మొదలుపెట్టాడు. ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం అదే. కిటికీలకు కొట్టే దోమల జాలీని బూడిద రంగులో ముంచి రన్‌వే మీద పరిచాడు. కొలత ప్రకారం ఇది తప్పే, ఎందుకంటే మూడంగుళాలను వెయ్యో వంతుకు తగ్గిస్తే కంటికి ఆనదు. ఆ లోటు తీర్చడానికి కంచెలకు వాడే వెల్డ్ మెష్ నుంచి అడుగు చదరపు ముక్క కోయించి, అసలు కొలతలోనే నమూనా పక్కన బిగించాడు. దాని పక్కనే తారు పూసిన గోనెగుడ్డ ముక్క ఒకటి పెట్టాడు. పిల్లలు చేత్తో తడిమి చూసేది ఈ రెండింటినే.

మట్టి విషయంలో మాత్రం నేను పట్టు వదలలేదు. ఆ ప్రాంతపు మన్ను లేత పసుపు కలిసిన గోధుమ రంగులో, పిండిలా మెత్తగా ఉంటుంది. వాన పడితే బురద, ఎండ కాస్తే దుమ్ము. బ్రిటిష్ మైదానాల్లోని టైఫూన్ విమానాల ఇంజిన్లలోకి ఆ దుమ్ము చేరి భాగాలను అరగదీస్తుంటే, హడావుడిగా గాలి వడపోతలు అమర్చవలసి వచ్చింది. రన్‌వేల మీద నీళ్లు చల్లించేవారు. ఎండాకాలంలో ఇంటి ముందు కల్లాపి చల్లుకునే అనంతపురం వాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. ఎర్రమట్టి తీసేసి రంపపు పొట్టుకు రంగు వేసి చల్లారు. నాకు కావలసిన రంగుకు చాలా దగ్గరగా వచ్చింది.

విమానాలు మాత్రం నాసిరకం. జూన్ చివరి వారం నుంచి ఆగస్టు మధ్య వరకు క్రిక్‌విల్‌లో ఉన్నది 354వ ఫైటర్ గ్రూపు అనే అమెరికన్ యుద్ధ విమానాల దళం, వారివి మస్టాంగ్ విమానాలు. ఈ కొలతలో రెక్కల విస్తారం సెంటీమీటరు దాటి ఒక మిల్లీమీటరు. అంత చిన్నదాని మీద మిత్రరాజ్యాల విమానమని తెలియజేసే గుర్తింపు చారలు వేయడం కష్టమే, కానీ వేసినవి తప్పుగా వేశారు. మూడు తెలుపు, రెండు నలుపు ఉండవలసింది తారుమారైంది. జూలై 4న మిత్రరాజ్యాల సేనల అధిపతి జనరల్ ఐసెన్‌హోవర్‌ను వెనక కూర్చోబెట్టుకుని అమెరికన్ వైమానిక దళపు జనరల్ కెసాడా నడిపిన రెండు సీట్ల మస్టాంగ్‌ను విడిగా, కాస్త పెద్దదిగా చేసి ఇమ్మన్నాను. పైలట్ వెనక ఇంధన ట్యాంకు తీసేసిన చోటనే రెండో సీటు అమర్చారని ఫొటో చూపించినా, చేసి ఇచ్చింది ఒక్క సీటుదే. విమానాలు కావలసినవారు వేరే చోట కొనుక్కోవడం మేలు.

నేను అడగనిది, ఆ కుర్రవాడికే తట్టినది ఒకటుంది. మస్టాంగ్‌లు ముందుకు సాగిపోయాక 367వ గ్రూపు కొన్ని వారాలు అక్కడ ఉండి వెళ్లింది. సెప్టెంబరు మధ్యలో మైదానాన్ని మూసేశారు, నేల మళ్లీ రైతుల చేతికి వచ్చింది. ఇదంతా నేను చెబుతుండగా విని, జాలీ పరిచిన పలకను విడిగా చేసి నాలుగు మూలలా అయస్కాంతాలు పెట్టాడు. పలక ఎత్తితే కింద పచ్చిక, పొలాలు, కంచె పొదలు, మేస్తున్న ఆవులు కనిపిస్తాయి. బడిలో పెట్టిన రోజున పిల్లలు దానిని ఎన్నిసార్లు ఎత్తి మూశారో లెక్క లేదు. ఆ దెబ్బకు రెండు అయస్కాంతాలు ఊడిపోయాయి. ఫోను చేస్తే, “పలక ఒక్కటి తెచ్చేయండి సార్, డబ్బులేం వద్దు” అన్నాడు. దసరా సెలవుల్లో తీసుకువెళ్లాలి, చారల సంగతి కూడా అప్పుడే అడగాలి.