రెండు లాంకాస్టర్లు: పాత అచ్చా, కొత్త అచ్చా?

లాంకాస్టర్ అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ బాంబర్ విమానం. ఎయిర్‌ఫిక్స్ కంపెనీ వారి 1/72 (అసలు విమానంలో 72వ వంతు) ప్లాస్టిక్ మోడల్ కిట్‌ను 1958 నాటి అచ్చులో కట్టాలా, 2013 నాటి కొత్త అచ్చులోనా? రెండూ రెక్క కొన నుంచి కొనకు దాదాపు 43 సెంటీమీటర్లే. పని మాత్రం వేరు.

పాతదాని ఒంటినిండా ఉబ్బెత్తు రివెట్లు (రేకులను బిగించే మేకుల తలలు). అతుకుల్లో పుట్టీ నింపి గరుకు కాగితంతో రుద్దితే పక్కనున్న రివెట్లూ అరిగిపోతాయి. వాటిని కాపాడాలంటే అటూ ఇటూ టేపు అంటించి, చిన్న కాగితపు ముక్కతో ఓపికగా రుద్దాలి. నాలుగు ఇంజన్లు కాబట్టి ఈ తంతు నాలుగు సార్లు! పాత డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తుల బొమ్మలు) ఒక్కోసారి నీళ్లలో వేయగానే ముక్కలవుతాయి. అందుకే వాటిమీద ముందే పారదర్శకమైన వార్నిష్ పూత వేసుకోవాలి.

కొత్తదానిలో ప్యానెల్ గీతలు (విమానం రేకులు కలిసే చోటి గీతలు) లోపలికి చెక్కి ఉంటాయి. రుద్దినా భయం తక్కువ.

మొదటిసారి నాలుగు ఇంజన్ల విమానం కట్టేవారు కొత్తదే తీసుకోండి. నేనైతే పాతదానికే ఓటు వేస్తాను. ఆ రివెట్ల వరుసలంటే నాకు ప్రాణం.