పదేళ్ల తర్వాత మా గోడలు: ఏ గదిలో ఏ ఫినిష్ నిలబడింది

రంగుల దుకాణంలో షేడ్ కార్డు చేతికి రాగానే అందరి ధ్యాసా రంగు మీదే ఉంటుంది. క్రీమా, లేత ఆకుపచ్చా అని ఇంట్లో వారం పాటు చర్చ నడుస్తుంది. ఆ రంగు మెరవాలా, మెరవకూడదా అన్నది, అంటే ఫినిష్, మాత్రం చివరి నిమిషంలో మేస్త్రి తేల్చేస్తాడు. ఐదారేళ్లు గడిచాక గోడ చూడబుద్ధవుతుందా లేదా అన్నది నిజానికి ఆ రెండో సంగతి మీదే ఆధారపడి ఉంటుంది.

మాది విశాఖపట్నం, సముద్రపు గాలి నేరుగా తగిలే ఇల్లు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను కిటికీ అద్దాలనే కాక బయటి గోడల రంగును కూడా ఊడబెరికింది. తర్వాతి వేసవిలో లప్పం దగ్గర నుంచి మొదలుపెట్టి ఇల్లంతా వేయించాం. గదిని బట్టి ఫినిష్ మారాలన్నది మా ఆవిడ పట్టుదల. మేస్త్రికి అది బొత్తిగా నచ్చలేదు. ఇల్లంతా శాటిన్ (కాస్త మెరుపున్న ఫినిష్) కొట్టేస్తే గొప్పగా ఉంటుందని ఆయన వాదన. చివరికి హాల్లో టీవీ వెనక గోడ ఒక్కటి ఆయన కోరినట్టు శాటిన్ వేసి, మిగతా మూడింటికి మ్యాట్ (మెరుపు లేనిది) వేశారు. ఆ రాజీ వల్ల రెండింటినీ పక్కపక్కనే పెట్టి చూసే అవకాశం దొరికింది.

శాటిన్ గోడ మొదటి నెల అద్భుతంగా ఉంది. ఆ తర్వాత కంటికి అలవాటయ్యేకొద్దీ దాని గుట్టు బయటపడింది. పొద్దున తూర్పు కిటికీ నుంచి ఎండ ఏటవాలుగా పడితే లప్పం ఎక్కడ ఎక్కువైందో, సాండ్‌పేపర్ ఎక్కడ సరిగ్గా పట్టలేదో వరసగా కనిపిస్తుంది. రాత్రి గోడకు బిగించిన ట్యూబ్‌లైట్ వేస్తే మళ్లీ అదే ప్రదర్శన. పక్కనున్న మ్యాట్ గోడలకూ అదే లప్పం, అదే పనితనం. అయినా వాటిలో ఏమీ తెలియదు. మెరిసే ఉపరితలం వెలుగును ఒకే వైపు తిప్పికొడుతుంది కాబట్టి ప్రతి ఎత్తుపల్లానికీ నీడ తేలుతుంది. మ్యాట్‌లో జిగురు పాలు తక్కువ, పొడి పాలు ఎక్కువ. పైన కంటికి కనిపించని గరుకుతనం ఉండి, వెలుగును అన్ని వైపులకూ చెదరగొడుతుంది. శ్లాబు అడుగుభాగానికి మ్యాట్ తప్ప మరొకటి వద్దని నేను అందరికీ చెప్పేది ఇందుకే.

ఆ గరుకుతనానికి మూల్యం కూడా ఉంది. పడకగదిలో మంచం తలవైపు గోడ మ్యాట్. తలకు రాసుకున్న కొబ్బరినూనె ఆ గోడలోకి ఇంకిపోయింది. సబ్బునీళ్లతో రుద్దితే మరక పూర్తిగా పోలేదు సరికదా, రుద్దిన మేర నున్నబడి మెరవడం మొదలైంది. ఇప్పుడు అక్కడ మరకా ఉంది, మెరుపూ ఉంది. నూనె ఇంకిన చోట నేరుగా ఎమల్షన్ (నీళ్లతో కలిపే గోడ రంగు) పూస్తే కొన్నాళ్లకు మరక మళ్లీ పైకి తేలుతుంది. ముందు ఆయిల్ ప్రైమర్ ఒక కోటింగు పడాలి. తల ఆనే చోట, చేయి ఆనించే స్విచ్‌బోర్డుల చుట్టూ, పిల్లలు పెన్సిళ్లతో తిరిగే నడవాలో శాటినే మేలు. నడవాలో వేసిన శాటిన్ మీద గీతలు తడిగుడ్డకే పోయాయి.

అయితే మ్యాట్‌కు ఒక గొప్ప సుగుణం ఉంది: టచింగ్ కలిసిపోతుంది. మేకు పీకిన చోట లప్పం పెట్టి, దాచుకున్న డబ్బాలోంచి కాస్త రంగు అద్దితే మొదటి రెండు మూడేళ్లలో ఎవరూ కనిపెట్టలేరు. శాటిన్ మీద అదే పని చేస్తే అతుకు వేసిన చొక్కాలా తెలిసిపోతుంది. మూల నుంచి మూల దాకా గోడంతా మళ్లీ వేయాల్సిందే.

వంటింట్లో టైల్స్‌కు పైన శాటిన్. తాలింపు ఆవిరికి ఇది బాగా తట్టుకుంటుంది. కానీ దుకాణంలో చెప్పే 'కడిగేయవచ్చు' అన్న మాటకు ఒక షరతు ఉంది. వారం పది రోజులకోసారి తుడిస్తేనే. నెలల తరబడి వదిలేస్తే నూనె పసుపురంగు బంకగా గట్టిపడుతుంది, అప్పుడు ఏ ఫినిష్ అయినా ఒకటే. పొయ్యికి ఎదురుగా గోడ బాగుంది, మా చేతికందని అటక కింద భాగం బాగా లేదు.

పాత ఇళ్లలో, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఛాతీ ఎత్తు వరకు ఆయిల్ పెయింట్ వేసేవారు. దాన్నే వంటింటికి వేయమని బంధువులు సలహా ఇచ్చారు. చెమ్మ లేని గోడకైతే సరే. లోపల తడి ఉన్న గోడకు వేస్తే అది బయటికి రాలేక రంగును బుడగలుగా ఎత్తి, పెచ్చులుగా రాలుస్తుంది. పెరటి వైపు స్నానాల గది వెలుపలి గోడకు అదే జరిగింది. బాత్రూమ్ లోపల శాటిన్ పరవాలేదనిపించింది గానీ, నల్లటి బూజు మచ్చలు తగ్గింది ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టాకే. రంగుకు ఇవ్వాల్సిన మెచ్చుకోలు అక్కడ ఫ్యాన్‌కు ఇస్తున్నాను.

తలుపుల సంగతి వేరు. లోపలి తలుపులకు వేసిన తెల్లటి గ్లాస్ ఎనామిల్ (బాగా మెరిసే నూనె రంగు) కొన్నేళ్లకే పసుపు తిరిగింది. చిత్రం ఏమిటంటే ఎండ తగిలే వైపు తెల్లగానే ఉంది. అలమరా లోపల, తెర చాటున పచ్చబడింది. నూనె ఆధారిత ఎనామిల్‌కు చీకటిలో ఆ గుణం ఉంది. తర్వాత వాటిని నీళ్లతో కలిపే శాటిన్ ఎనామిల్‌కు మార్చాం. వాసన తక్కువ, తెలుపు ఇంకా తెలుపే. కాకపోతే కొత్తలో, అందులోనూ మా ఊరి ఉక్కపోతలో, తలుపు వేస్తే ద్వారబంధానికి అంటుకునేది. మొదటి కొన్ని రోజులు తలుపులు ఓరగా తెరిచి ఉంచాలి.

కిటికీ గ్రిల్స్‌కు మాత్రం నిగనిగలాడే గ్లాస్ ఎనామిల్‌కే నా ఓటు. ఉప్పుగాలికి, అడుగున తుప్పును ఆపే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ లేకుండా ఏదీ నిలవదు. రెండూ ఉన్నా మూడు నాలుగేళ్లకు మళ్లీ వేయక తప్పదు. పాత రంగు గీకేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) మించకూడదన్న నిబంధన అమలైంది 2017 నవంబరు నుంచి. అంతకు ముందు పూసిన ఎనామిల్‌ను పొడిగా రుద్దించకండి, తడిపి రుద్దించి, పిల్లలను దూరంగా ఉంచండి.

ఇక గడప. పసుపురంగు గ్లాస్ ఎనామిల్ వేసి, దాని మీద తెల్లటి ముగ్గు గీయించాం. పండక్కి పూసిన పసుపూ కుంకుమా మర్నాడు తడిగుడ్డతో ఇట్టే పోతాయి. ఇంట్లో కెల్లా ఎక్కువ తొక్కుడు పడే చోటు కాబట్టి అంచులు అరుగుతాయి, ఏటా సంక్రాంతికి ముందు చిన్న డబ్బా తెచ్చి మేమే వేసుకుంటున్నాం.

వచ్చే వేసవికి మళ్లీ రంగులు వేయించాలి. టీవీ గోడ మ్యాట్‌కు మారుతుంది, మంచం తలవైపు గోడ శాటిన్‌కు మారుతుంది. మేస్త్రి పాతాయనే. ఇప్పుడు ఆయన శాటిన్ మాట ఎత్తడం లేదు. హాల్లో ఒక గోడకు టెక్స్చర్ వేద్దామంటున్నాడు. దాని సందుల్లో చేరే దుమ్ము ఎవరు దులుపుతారని మా ఆవిడ అడిగింది.